గ్రూపు ఫోటోలో బావురుపిల్లి

వన్యప్రాణిని దాని సహజ ఆవాసంలో ఫోటో తీయాలంటే ముఖ్యంగా కావలసినవి మూడు: ఓర్పు, మౌనం, అధ్యక్షుడు. మొదటి రెండూ లేకపోయినా ఎలాగోలా సర్దుకోవచ్చు. అధ్యక్షుడు లేకపోతే మాత్రం పులి వచ్చి గుమ్మంలో కూర్చున్నా ఫోటో తీయడానికి వీల్లేదు!

ఈ సత్యం కోటేశ్వరమ్మకు అరవై దగ్గర పడేదాకా తెలియదు. ఆమెది మడదిబ్బ. రేపల్లెలో రైలు దిగి బస్సెక్కి, ఇక నావల్ల కాదని ఆ బస్సు ఆగిపోయిన చోట దిగితే అదే మడదిబ్బ. ఊరికీ సముద్రానికీ నడుమ మడ అడవి. ఆ చెట్ల మధ్య పాయలో పీతలు పట్టి, రేపల్లె బజారులో అమ్ముకుని కోటేశ్వరమ్మ బతుకుతోంది.

అయితే ఆ చెట్లతో ఆమె చుట్టరికం పీతలది కాదు. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి ఆమె చిన్నపిల్ల. నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు తల్లి ఆమెను మడచెట్టు ఎక్కించి, తన చీరకొంగు చింపి కొమ్మకు కట్టేసింది. తెల్లారేసరికి కొమ్మ ఉంది, కొంగు ఉంది, పిల్ల ఉంది. అప్పటినుంచి ఎవరు ఊరికి బయల్దేరుతున్నా, ఆఖరికి బస్సు వెనక్కి తిరుగుతున్నా, కోటేశ్వరమ్మ గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంటుంది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, లేచి వెళ్ళి చెట్లున్నాయో లేదో చూసి వస్తుంది.

"చెట్లెక్కడికి పోతాయే, పిచ్చిదానా?" అని ఊరంతా నవ్వేది.

పోతాయని ఒక ఆఫీసరు గారు జీపులో వచ్చి మరీ చెప్పారు.

"ఇక్కడ పడవ షికారు పార్కు వస్తుందమ్మా. ఈ పొదలన్నీ కొట్టేస్తాం."

"పొదలు కాదండి, అడవండి."

"అడవని ఎవరు చెప్పారు?"

"చెట్లున్నాయి కదండి!"

ఆఫీసరు గారు జాలిగా చూశారు. "చెట్లుంటే అడవి అయిపోతుందా? మా ఇంటి పెరట్లోనూ చెట్లున్నాయి. అడవంటే అందులో అడవి జంతువుండాలి."

"ఉందండి! బావురుపిల్లి ఉంది. ఊరకుక్కంత ఉంటుంది, ఒళ్ళంతా మచ్చలు. పాయ ఒడ్డున కూర్చుని చేపలు పడుద్ది. తెల్లారగట్ల నేను చూస్తూనే ఉంటానండి."

"నువ్వు చూస్తే ఉన్నట్టు కాదు. ఫోటో ఉంటే ఉన్నట్టు."

"అదెంత పనండి? మా పక్కింటోళ్ళ సెల్లులో తీయిస్తాను."

"అలా ఎవరు పడితే వాళ్ళు తీస్తే చెల్లదు. గుర్తింపు పొందిన సంఘం తీయాలి. బాపట్లలో తీరభూముల పరిశీలక సంఘం కూర్చున్న రోజున తెచ్చివ్వాలి. లేదంటే మా లెక్కలో ఇది ఖాళీ చిత్తడి."

ఆ ఖాళీ చిత్తడిలో దిగబడ్డ తమ బూటును రెండు చేతులా లాక్కుని ఆఫీసరు గారు జీపెక్కారు.

గుర్తింపు పొందిన సంఘం తెనాలిలో ఉంది. దాని పేరు వన్యప్రాణి ఛాయాచిత్ర సేవా సమితి. అధ్యక్షులు సీతారామాంజనేయులు గారు. ఆయన పెద్ద ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గది బయట జనం బారులు తీరి నిలబడేవారు. రిటైరైన మర్నాటి నుంచీ పాలవాడు కూడా గేటు బయటినుంచే కేకేసి పోతున్నాడు. పెద్దమనిషన్నవాడికి ఏదో ఒక అధ్యక్షత లేకపోతే ముద్ద ఎలా దిగుతుంది? మనుషులు వినడం మానేశారు గనుక ఆయన జంతువుల వైపు తిరిగారు.

కోశాధికారి మార్కండేయ. పుట్టింది ఈపురుపాలెంలో, మగ్గాల చప్పుడు మధ్య. ఇప్పుడు బాపట్లలో బట్టల కొట్టు. శాలువా లేనిది సంఘం కాదని ఆయన సిద్ధాంతం. సమితి ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరికి సన్మానం జరగవలసిందే. అక్కడ ఎవరూ దొరక్కపోతే సభ్యులు ఒకరికొకరు చేసుకునేవారు. ఇక సభ్యుల దగ్గర ఒక్కొక్కటీ సొరకాయంత లెన్సు. ఆ లెన్సులతో వాళ్ళు అప్పటిదాకా బంధించిన వన్యప్రాణి, అంగలకుదురు చెరువు గట్టున ఒక కొంగ. నిజానికి ఫోటోలో పడింది కొంగ ఎగిరిపోయిన గట్టు. దానికి 'నిష్క్రమణ' అని పేరు పెట్టి ప్రదర్శించారు.

కోటేశ్వరమ్మ వెళ్ళి అడగ్గానే సీతారామాంజనేయులు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ప్రాణం పోయినా సరే, ఆ బావురుపిల్లిని లోకానికి చూపిస్తాం!" అన్నారు. ఎవరి ప్రాణమో చెప్పలేదు.

మొదటిసారి రెండు వ్యాన్లలో వచ్చారు. అడవిలో కలిసిపోవడానికి అందరూ ఆకుపచ్చ చొక్కాలు కుట్టించుకుని, గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించారు. నడుస్తుంటే ఆ గంజి చప్పుడుకే పీతలు బొరియల్లో దూరాయి. రేపల్లెలో టిఫిన్లు కానిచ్చి వచ్చేసరికి ఎండెక్కింది. కొబ్బరికాయ కొట్టారు. ఫ్లెక్సీ కట్టారు. మైకు పెట్టారు. అధ్యక్షులవారు మౌనం గొప్పతనం గురించి మాట్లాడారు. మౌనం గురించి అంత గట్టిగా ఆ తీరంలో ఇంతవరకూ ఎవరూ మాట్లాడి ఉండరు! మడ అడవిలోని పక్షులన్నీ ఒక్కసారిగా లేచి, ఆకాశంలో కాసేపు తిరిగి, నిజాంపట్నం వైపు వెళ్ళిపోయాయి.

"అయ్యగారూ, అది తెల్లారగట్ల వచ్చుద్దండి. సద్దుంటే రాదండి," అంది కోటేశ్వరమ్మ చేతులు నలుపుకుంటూ.

"తెలుసమ్మా. సద్దు చేయకూడదనే కదా ఇందాకణ్ణుంచీ గొంతు చించుకుంటున్నాను!"

రెండోసారి బాపట్ల సమావేశం దగ్గర పడ్డాక వచ్చారు. ఈసారి రేపల్లెలోనే మకాం పెట్టి, వేకువనే దిగారు. నిద్రమొహాల మీద ఉన్నారు గనుక ఎవరూ మాట్లాడలేదు. అది చూసి కోటేశ్వరమ్మ ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ వెంట కోటిబాబు అనే అతనూ వచ్చాడు. తెనాలిలో ఒక స్టూడియో తరపున పెళ్ళిళ్ళకూ ఓణీల ఫంక్షన్లకూ ఫోటోలు తీసే మనిషి.

"ఈ బాబెందుకండి? మీ అందరి దగ్గరా ఉన్నాయి కదా కెమెరాలు?"

"మేము జంతువును తీస్తాం," అన్నారు అధ్యక్షులవారు. "మేము తీస్తున్నామని ఎవరో ఒకరు మమ్మల్ని తీయాలి కదా!"

ఒడ్డున సొరకాయలన్నీ బారుగా నిలబెట్టి కూర్చున్నారు. దోమలు వచ్చాయి. ఒకరి సెల్లు భక్తిపాట పాడింది. మార్కండేయ గారు వడల పొట్లం విప్పారు. తూర్పు తెల్లబడింది గాని పిల్లి మాత్రం రాలేదు.

"ఇక చాలు," అన్నారు అధ్యక్షులవారు నడుం పట్టుకుని లేస్తూ. "జంతువు రాకపోతే తప్పు జంతువుది. మనం వచ్చామని రుజువు లేకపోతే తప్పు మనది. అందరూ నిలబడండి, గ్రూపు ఫోటో!"

అడవికి వీపు పెట్టి అందరూ వరసగా నిలబడ్డారు. మధ్యలో అధ్యక్షులవారు. ఆయన భుజాన మార్కండేయ గారు శాలువా కప్పారు. కోటేశ్వరమ్మ కోటిబాబు పక్కన నిలబడి, చెట్లకేసి చూస్తూ మనసులో మొక్కుకుంటోంది.

అప్పుడొచ్చింది!

గంజి చొక్కాల వెనకాల, మడవేళ్ళ మధ్యనుంచి, తాపీగా, తన ఇంట్లో తాను నడిచినట్టు వచ్చింది బావురుపిల్లి. నీళ్ళ అంచున కూర్చుంది. పంజా ఒక్కసారి విసిరింది. నోట్లో చేప తళుక్కుమంది. తల ఎత్తి, అన్ని వీపులు ఒక్కచోట ఎందుకున్నాయా అన్నట్టు చూసింది.

"అయ్యా! అయ్యగారూ!"

"ష్! ఫోటో తీసేటప్పుడు మాట్లాడకూడదమ్మా!"

ఆమె వేలు పెట్టి చూపించింది. నిటారుగా నిలబడమంటోందనుకుని అందరూ గడ్డాలు పైకెత్తారు.

"సార్, కొంచెం నవ్వు... మేడం తరపువాళ్ళు కొంచెం ఇటు..." అన్నాడు కోటిబాబు పెళ్ళి అలవాటు కొద్దీ. అతని కళ్ళు ముఖాలు దాటి వెనక్కి పోవు. నొక్కాడు.

"వెనకాలండీ! వెనకాల!" అని కోటేశ్వరమ్మ అరిచేసరికి అందరూ గిరుక్కున తిరిగారు. సొరకాయలన్నీ లేచాయి. ఊగుతున్న ఒక ఆకును సమితి సభ్యులు టపటపా తీసేశారు.

"ఫోటోలో పడిందండి! నేను చూశాను, పిల్లి పడిందండి!"

"పడితే వస్తుందిలేమ్మా," అన్నారు అధ్యక్షులవారు వ్యాను వైపు నడుస్తూ. "కోటిబాబూ, బాగా చేయించి పెద్దది వేయించు. బాపట్లలో స్టేజీ మీద పెట్టాలి."

కోటిబాబుకు 'బాగా చేయించు' అన్న మాట ఒక్కటే వినబడింది. తెనాలిలో ఫంక్షనుకు టైమైపోతోందని పరుగెత్తాడు.

పడిందని తెలిసిన దగ్గర్నుంచీ కోటేశ్వరమ్మకు ఇంకో దిగులు. పడింది సరే, ఉంటుందా? చేతికందింది చేతిలో ఉంటుందన్న నమ్మకం ఆమెకు ఏనాడో పోయింది. మర్నాడు పొద్దున్నే పీతల బుట్ట మూలన పెట్టి, రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగింది.

స్టూడియోలో కంప్యూటరు ముందు కుమారి అనే ఆమె కూర్చుని ఉంది. పెళ్ళికూతుళ్ళ ముఖం మీది మొటిమలు, పెళ్ళికొడుకుల పొట్టలు, భోజనాల దగ్గర తొంగిచూసే కుక్కలు, అన్నీ ఆమె చేతిలోనే మాయమవుతాయి.

"మడదిబ్బ ఫోటోనా పిన్నిగారూ? రండి, కూర్చోండి. ఎంత బాగా వచ్చిందో చూడండి!"

చూసింది. అధ్యక్షులవారు కోడెవయసు రాజులా ఉన్నారు. కళ్ళల్లో కాంతి. నెత్తిన నల్లని జుట్టు. మార్కండేయ గారి పొట్ట ఎటో పోయింది. వెనకాల మడచెట్లు, మెరిసే నీళ్ళు. నీళ్ళ అంచున ఏమీ లేదు.

"అమ్మాయ్, ఇక్కడ పిల్లి ఉండాలే!"

"ఆఁ, ఉందండి! ఎక్కడిదో పెద్ద పిల్లి, చేపను కరుచుకుని. తీసేశాను." కుమారి గర్వంగా నవ్వింది. "మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం, మాకా పట్టింపుల్లేవు గాని, పెద్దాయన సన్మానం ఫోటోలో పిల్లి శకునం ఉంటే వాళ్ళింట్లో ఊరుకుంటారా అండి? పోయినేడు ఒక గృహప్రవేశం ఫోటోలో వదిలేశానని మా ఓనరు చీవాట్లు పెట్టాడు."

కోటేశ్వరమ్మ అక్కడే నేలమీద కూలబడింది. ఆమె మొహం చూసి కుమారికి భయమేసింది. సంగతంతా విన్నాక చేతులతో నోరు మూసుకుంది.

"అయ్యో, ఏడవకండి పిన్నిగారూ! అసలు ఫోటో అలాగే ఉంది. ఇదిగో!"

ఉంది! మచ్చ మచ్చా లెక్కపెట్టుకునేటంత స్పష్టంగా ఉంది బావురుపిల్లి. దాని ముందు నిలబడ్డ సమితి కూడా అంతే స్పష్టంగా ఉంది. అధ్యక్షులవారు కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచి ఆవులిస్తున్నారు. ఉన్న నాలుగు వెంట్రుకలూ గాలికి నిలువునా లేచాయి. మార్కండేయ గారు వడ కొరుకుతున్నారు.

"సార్ కళ్ళు రిటైర్మెంటు ఫోటోలోంచి తెచ్చి పెట్టానండి," అంది కుమారి. "చచ్చిపోయినవాళ్ళ కళ్ళే తెరిపిస్తాం, ఇదొక లెక్కా?"

ఫోను చేయగానే సీతారామాంజనేయులు గారు స్వయంగా వచ్చారు. అసలు ఫోటోను చాలాసేపు చూశారు. బావురుపిల్లిని కాదు.

"జంతువు బాగానే పడింది. నేనో?"

"మీరు కళ్ళు మూసుకున్నారయ్యా. అది తెరుచుకునే ఉంది. అంతేగా!" అంది కోటేశ్వరమ్మ.

"అంతేనా? ఈ ఆవులింత బాపట్ల స్టేజీ మీద పెడితే సమితి పరువేం కావాలి?"

"సార్, మంచి ఫోటోలోనే పిల్లిని తిరిగి పెట్టేస్తానండి," అంది కుమారి. "దాని చోట దాన్నే. నిమిషం పని."

అధ్యక్షులవారు ఉలిక్కిపడ్డారు. "అతికిస్తావా? వన్యప్రాణి ఫోటోలో మార్పులా! అది మోసం! మా సమితి నియమావళి ఎంతమాత్రం ఒప్పుకోదు!" అన్నారు, అద్దంలో లేని జుట్టు సర్దుకుంటూ.

"పోనీ, పిల్లి వరకే కత్తిరించి ఇస్తే?"

"అందులో సమితి ఎక్కడుంది?"

ఆయన వెళ్ళిపోయాక కుమారి పిల్లి ఉన్న ముక్కను కాగితం మీద తీసి కోటేశ్వరమ్మ చేతిలో పెట్టింది. "నా పేరు మాత్రం చెప్పకండి పిన్నిగారూ. సార్ మనవరాలి పెళ్ళి ఆర్డరు మాదే."

బాపట్లలో సమావేశం రోజున స్టేజీ మీద గ్రూపు ఫోటో నిలువెత్తున వెలిగింది. "జంతువేదండి?" అని అడిగారు ఆఫీసరు గారు.

"అన్వేషణ జరిగింది," అన్నారు సీతారామాంజనేయులు గారు. "ఇదే సాక్ష్యం."

చివరి వరసలోంచి లేచింది కోటేశ్వరమ్మ. కుర్చీల మధ్యనుంచి ముందుకొచ్చి తన కాగితం టేబులు మీద పెట్టింది. ఆఫీసరు గారు స్టేజీ మీది ఫోటోనూ కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు.

"అదే కొమ్మ, అదే నీడ. రెండూ ఒక్క క్షణానివే. దీంట్లో పిల్లి ఉంది, దాంట్లో లేదు. అంటే ఏదో ఒకటి మార్చిన ఫోటో. సార్, మీరు పెద్దవారు, మీ మాటే మాకు ప్రమాణం. మీ ఫోటోలో ఏమైనా మార్చారా?"

స్థాపించిన నాటి నుంచీ సమితి నిజమైన మౌనం పాటించింది ఆ రోజే!

స్టేజీ మీది ఫోటోలో ఆయన కళ్ళు ధీమాగా కోటేశ్వరమ్మకేసి చూస్తున్నాయి. కుర్చీలో ఉన్న ఆయన కళ్ళు నేలకేసి చూస్తున్నాయి. ఆమె ఆ రెండో జత కళ్ళకేసే మాట్లాడింది.

"చెప్పండయ్యా. ఒక్క మాటండి. ఆవులించానని చెబితే మీ కొంపలేం మునగవు. చెప్పకపోతే మావి నిజంగానే మునుగుతాయండి. నాకు తెలుసు. మా అమ్మ..."

ఆమె చేయి తన చీరకొంగును వెతుక్కుంది.

సీతారామాంజనేయులు గారు తలెత్తారు. ఆమెను చూశారు. అవునని పెదవి కదిలింది కూడా. అంతలో ఎవరో పత్రికాయన కెమెరా ఎత్తాడు. అధ్యక్షులవారి నడుం దానంతటదే నిటారైంది.

"మా ఫోటోలో," అన్నారు గంభీరంగా, "వెంట్రుక కూడా మార్చలేదు!"

చప్పట్లు మోగాయి. ఖాళీ చిత్తడి అని తీర్మానం అయింది. ఆఫీసరు గారికి మార్కండేయ గారు శాలువా కప్పారు.

మిషన్లు వచ్చిన రోజున కోటేశ్వరమ్మ తలుపు తీయలేదు. ఒక్కొక్కరిని సాగనంపడానికే ఆమె చాలదు. అడవికి అడవిని ఎలా సాగనంపుతుంది? సాయంత్రం బయటికి వస్తే గుమ్మంలోకి సముద్రం కనబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గుమ్మంలోంచి సముద్రం కనబడటం అదే మొదలు.

పార్కు తయారైంది. పిల్లలకు వన్యప్రాణుల మీద ప్రేమ పుట్టాలని నడిమధ్య సిమెంటు బావురుపిల్లిని నిలిపారు. తెనాలిలో నాయకుల విగ్రహాలు చేసే చోట ఆర్డరిచ్చారు గనుక, అది కుడి ముంగాలు ముందుకు చాచి ప్రజలకు దారి చూపిస్తున్నట్టు వచ్చింది. కోటేశ్వరమ్మకు పార్కులో ఊడ్చే పని ఇచ్చారు. పీతలు ఇక లేవు కదా.

సమితి మళ్ళీ వచ్చింది. ఈసారి విజయం! సొరకాయలన్నీ ఒక్కసారి లేచాయి. జంతువు పారిపోలేదు. మౌనం మీద ఉపన్యాసం మొదటి నుంచి చివరిదాకా విన్నది. అధ్యక్షులవారు దాని పక్కన, కళ్ళు రెండూ తెరిచి నిలబడ్డారు. ఒకటే లోటు. ఫోటోలో వెనకాల అంతా బోడిగా ఉంది.

"సహజ ఆవాసం ఏది?" అని ఆయన స్టూడియోలో కుమారి మీద విసుక్కున్నారు. "వెనకాల మడచెట్లు పెట్టు. ఒత్తుగా."

"అతికిస్తే మోసమన్నారు కదండి?"

"జంతువును అతికిస్తే మోసం. చెట్లను అతికిస్తే పర్యావరణం!"

ఆ ఫోటోను పెద్ద ఫ్లెక్సీ వేయించి, ఊరికీ సముద్రానికీ నడుమ, రెండు గుంజలకు కట్టించారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. షెల్టరుకు పొమ్మని ఊళ్ళో చాటింపు వేశారు. కోటేశ్వరమ్మ మూట నెత్తికెత్తుకుని గుమ్మం దాటుతుంటే, పార్కువాళ్ళు ఇచ్చిన ఫోను మోగింది. అటు సీతారామాంజనేయులు గారు.

"కోటేశ్వరమ్మా! గాలి ఎలా ఉంది?"

తమను తలచుకుని ఫోను చేసిన పెద్దమనిషి! ఆమె కళ్ళు చెమర్చాయి. "బాగా లేచిందండి. సముద్రం గట్టుదాకా వచ్చింది."

"అరెరే! అయితే ముందు ఆ ఫ్లెక్సీ విప్పి, మడతలు పడకుండా షెల్టరులో పెట్టించమ్మా. అందులో చెట్లు చాలా సహజంగా వచ్చాయి."

కోటేశ్వరమ్మ అటు చూసింది. గుంజల మధ్య పచ్చని మడ అడవి ఉబ్బుతోంది, పటపటా కొట్టుకుంటోంది. దాని కిందుగా నురగ తెల్లగా పాకుతోంది.

"విప్పనండి," అంది. "అడవి కదండీ అది. అక్కడే ఉండనివ్వండి. సముద్రాన్ని అదే ఆపుద్ది."